గరుకు బంతి ఎవరిది?

లిఫ్టు పనిచెయ్యని ఇంట్లో ఐదో అంతస్తులో ఉండేవాడికి ప్రపంచంలోని ప్రతి వస్తువు బరువూ తెలుస్తుంది. కింద వీధిలో తేలిగ్గా అనిపించిన కూరల సంచీ మొదటి అంతస్తు దాటగానే చెయ్యి లాగేస్తుంది. రెండో అంతస్తులో ఉల్లిపాయలు ఎందుకు కొన్నామా అనిపిస్తుంది. మూడో అంతస్తులో అసలు ఈ భోజనం అలవాటు ఎవడు కనిపెట్టాడా అనిపిస్తుంది. నాలుగో అంతస్తు చేరాక మనిషి ఏమీ అనుకోడు. గోడకి చేరగిలబడి, ఎవరింటి ముందో ఉన్న చెప్పుల స్టాండు వంక ఆప్యాయంగా చూస్తాడు, దాని మీద కూర్చుంటే విరుగుతుందా అని.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టరు గారు మోసుకొస్తున్నవి కూరలు కాదు, మూడు బౌలింగ్ బంతులు. ఒక్కొక్కటీ పాకే వయసు పిల్లాడంత బరువు. పిల్లాడైతే కనీసం మెడ కావలించుకుని సాయపడతాడు. బంతికి ఆ ఇంగితం ఉండదు.

నాలుగో అంతస్తు మలుపులో, మోకాళ్లకి పట్టీలు కట్టుకున్న పెద్దాయన ఎదురయ్యారు.

"ఏమయ్యా, ఈ లిఫ్టు ఎప్పటికి బాగవుతుంది?"

"తలుపు సెన్సర్ మార్చాలండీ. మార్చేదాకా కుదరదు."

"దీనికి సీలు వేసిన మహానుభావుడెవరో కనబడితే నాలుగు దులుపుదామని ఉంది."

"నేనేనండీ," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు రొప్పుతూ.

"తెలుసయ్యా. అందుకే అంటున్నా."

ఊళ్లో లిఫ్టులన్నీ తనిఖీ చెయ్యడం ఇన్‌స్పెక్టరు గారి ఉద్యోగం. తలుపు మూసుకోవడంలో రవ్వంత తేడా ఉన్నా సీలు వేసేస్తారు. ఎంత పెద్ద హోటలైనా, ఎంత పెద్దవాళ్లు ఫోన్ చేసినా ఆయన నోటి వెంట వచ్చేది ఒకటే మాట: కుదరదు. ఆఫీసులో ఆయన్ని వెనకాల 'కుదరదు గారు' అంటారు. ఆయనకది తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

అలాంటి మనిషికి ఒక్క చోట మాత్రం నోరు పెగలదు. అత్తవారి వైపు వాళ్లు ఎవరు ఏది అడిగినా, "ఎంతమాట! దానికేం భాగ్యం!" తప్ప ఇంకో వాక్యం రాదు. ఇది భయం కాదు, గౌరవం అంతకన్నా కాదు. మొహమాటం. మందు లేని జబ్బు. ఒకసారి బావమరిది సరదాకి "బావా, నీ చొక్కా బావుంది" అన్నందుకు అక్కడికక్కడే విప్పిచ్చి, బనీనుతో కారు నడుపుకుంటూ ఇంటికొచ్చిన మనిషి.

ఇక ఆ మూడు బంతుల సంగతి.

మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన దృష్టిలో మనుషులు రెండు రకాలు, కప్పు గెలిచినవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. ఆయన హాల్లో నిలువెత్తు అద్దాల అల్మారా ఉంది. అది పెద్దల్లుడు ఇచ్చిందే. పెద్దల్లుడికి సోఫాల షాపుంది, చేతులు కూడా సోఫా చేతుల్లాగే లావుగా ఉంటాయి. ఆ చేతులతో ఆయన ఏటా బౌలింగ్‌లో ఏదో ఒక కప్పు గెలుస్తూ, తనిచ్చిన అల్మారాని తనే నింపుకుంటూ వస్తున్నాడు. చిన్నల్లుడైన ఇన్‌స్పెక్టరు గారిది అందులో ఒకే ఒక్క వస్తువు ఉంది, పోటీలో పాల్గొన్నందుకు ఇచ్చిన చిన్న ప్లేటు. మామగారు అందులో బీపీ మాత్రలు వేసుకుంటారు.

"పెద్దల్లుడి మణికట్టు చూశావా, ఇనుము!" అంటారు మామగారు ప్రతి భోజనం దగ్గరా. అని, పక్కన ఇంకో అల్లుడు కూడా ఉన్నాడని గుర్తొచ్చి, "నువ్వు యాపిల్ పళ్లు చాలా సన్నంగా కోస్తావయ్యా," అంటారు.

ఈ ఏడు క్లబ్బులన్నీ కలిపి పెద్ద కప్పు పెడుతున్నాయి. మామగారు స్వయంగా చూడ్డానికొస్తున్నారు. ఇన్‌స్పెక్టరు గారికి ఉద్యోగంలో ప్రమోషన్ అక్కర్లేదు, లాటరీ అక్కర్లేదు. ఆ అల్మారాలో పైఅరలో, సోఫాలాయన కప్పుల మధ్యన, తన పేరున్న కప్పు ఒకటి నిలబడాలి. అంతే. బతుకులో ఒక్కసారి.

అందుకని ఆయన శాస్త్రీయంగా దిగారు.

బౌలింగ్ అంటే బంతి దొర్లించడం అనుకుంటారు తెలియనివాళ్లు. అది నిజానికి నూనె వ్యవహారం. లేన్ మీద, అంటే బంతి దొర్లే పొడుగాటి చెక్కల దారి మీద, కంటికి కనపడకుండా నూనె పూస్తారు. నూనె ఉన్నంత మేర బంతి జారుతుంది. నూనె అయిపోయిన చోట నేలని పట్టుకుని, చివర నిలబెట్టిన పిన్నుల వైపు మలుపు తిరుగుతుంది. ఈసారి నూనె పొడుగ్గా, దట్టంగా పూస్తున్నామని నిర్వాహకులు ముందే చెప్పారు. అంత నూనె మీద మెరిసే బంతి వేస్తే స్నానాల గదిలో సబ్బులా అలాగే జారిపోతుంది. నేలని పట్టుకునే గరుకు బంతి కావాలి. దాన్ని లేన్ పక్కనుండే కాలవ వైపు కాకుండా నడిమి వైపు నుంచే పంపాలి. ఆట సాగేకొద్దీ ఆ దారిలో నూనె అరిగి బంతి తొందరపడి తిరుగుతుంది కాబట్టి, నిలబడే చోటుని కొంచెం కొంచెంగా ఎడమకి జరుపుకుంటూ పోవాలి.

ఇదంతా ఇన్‌స్పెక్టరు గారు భోజనాల బల్ల మీద వివరిస్తున్నారు. బల్ల లేను, నిమ్మకాయ బంతి, ఉప్పు డబ్బా పిన్నులు.

"నేను ఇక్కణ్ణుంచి మొదలెడతాను. ఇదిగో, ఇలా వచ్చి ఇక్కడ తిరుగుతుంది. చూస్తున్నావా?"

ఇల్లాలు పిన్నుల్ని పట్టుకుపోయింది.

"ఏయ్, ఏయ్, పిన్నులోయ్!"

"కూరలో ఉప్పు లేదండీ. వేసి తెచ్చిస్తా, అప్పుడు పడగొట్టుకోండి."

బంతుల ఎంపిక కూడా శాస్త్రీయంగానే జరిగింది. మొదటిది గరుకుది, అసలైన ఆటకి. రెండోది మెరుపుది, నూనె బాగా అరిగిపోయాక వాడ్డానికి. మూడోది గట్టి ప్లాస్టిక్‌ది, మూల ఒంటరిగా నిలబడి వెక్కిరించే పిన్ను కోసం. షాపులో ఆయన బొటనవేలికీ రెండు వేళ్లకీ కొలతలు తీసి కన్నాలు తొలిచారు. దర్జీ చొక్కా కుట్టినట్టే, ఎవరి వేలికి వాళ్ల కన్నమే. అంతా బాగానే ఉందిగానీ, గరుకు బంతి గరుగ్గా లేదు. కొత్తది కదా, అద్దంలా మెరుస్తోంది.

"దీన్ని కాస్త గీకాలి సార్," అన్నాడు షాపతను, గరుకు కాగితం చేత్తో పట్టుకుని.

"కొత్తదాన్నా?"

"గీకితేనే కదా సార్ పట్టుకునేది."

టీవీ రిమోటుకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యని ఇల్లు ఇన్‌స్పెక్టరు గారిది. సోఫా మీద దుప్పటి, దుప్పటి మాయకుండా దాని మీద పాత దుప్పటి. ఫ్రిజ్జు హ్యాండిల్‌కి సాక్సు. అలాంటి ఇంటి యజమాని చూస్తుండగా కొత్త వస్తువుని గీకడమంటే మాటలా? పిల్లాడికి సూది వేయిస్తున్న తండ్రిలాగా ఇన్‌స్పెక్టరు గారు మొహం గోడ వైపు తిప్పుకుని, "అయిపోయిందా? అయిపోయిందా?" అంటూ నిలబడ్డారు.

ఇంటికి తెచ్చి ఆ గరుకు బంతిని పాత శాలువాలో చుట్టి బీరువాలో పెట్టారు. పెట్టీ పెట్టగానే ఫోన్ మోగింది. సోఫాలాయన.

"తమ్ముడూ! ఏంటి, పోటీకి ఏమన్నా కొత్త బంతి కొన్నావా?"

"అబ్బే, కొత్తదెక్కడిదన్నయ్యగారూ. ఆ పాతదే. మీరో?"

"నాదీ పాతదేలే. అసలు ఈసారి ప్రాక్టీసే లేదు."

"నాకూ అంతేనండి. ఏదో వెళ్లామంటే వెళ్లామని."

చిన్నప్పుడు పరీక్ష హాలు బయట "నేనేం చదవలేదురా" అని ఒట్లు వేసుకున్న పిల్లలే పెద్దయి తోడల్లుళ్లవుతారు. ఇద్దరూ సంతృప్తిగా ఫోన్లు పెట్టేశారు. సోఫాలాయన కూడా ఆ రోజే కొత్త బంతి కొని కారు డిక్కీలో దాచాడని తర్వాత తెలిసింది.

ఎలా తెలిసిందంటే, అది పగిలింది. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో అన్నాళ్లు మగ్గేసరికి ఆ కొత్త బంతి ఒక పక్క నుంచి ఇంకో పక్కకి బీట వారింది. ఆదివారం పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ ఐదంతస్తులూ ఎక్కి ఊడిపడ్డారు.

"ఏమిటే చెల్లీ, ఈ మెట్లు! మా మరిది గారు ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తారు, ఇంట్లో చూడు!" అంటూ వదినగారు సోఫాలో కూలబడింది, దుప్పటి మీది దుప్పటితో సహా.

"బాగుచెయ్యరక్కా, మూయిస్తారు," అంది ఇల్లాలు.

సోఫాలాయన కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, గాలివాటుగా అన్నాడు: "తమ్ముడూ, నువ్వేదో గరుకు బంతి కొన్నావట కదా. బంతుల షాపువాడు చెప్పాడు."

ఇన్‌స్పెక్టరు గారు ఖాళీ కప్పులు ఏరడం మొదలెట్టారు. "అదీ... ఏదో చిన్నది..."

"చిన్నదీ పెద్దదీ ఉంటాయా ఏమిటి బంతుల్లో? తే, చూద్దాం."

శాలువా విప్పారు. సోఫాలాయన ఆ బంతిని చేత్తో నిమిరాడు, అత్తగారు కొత్త కోడలి చీర అంచు నలిపి చూసినట్టు. "రెండు రోజులు ప్రాక్టీసు చేసుకుని ఇచ్చేస్తా. నీకేం అభ్యంతరం లేదుగా?"

బల్ల కింద ఇల్లాలు భర్త కాలు గట్టిగా తొక్కింది. అర్థం చాలా స్పష్టం: ఇవ్వకండి. ఇన్‌స్పెక్టరు గారు నిటారుగా కూర్చున్నారు. ఆఫీసులో రోజుకి పదిసార్లు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎంతమాట అన్నయ్యగారూ! దానికేం భాగ్యం!"

ఇల్లాలు నిప్పులు కక్కేలా చూసింది. సరిగ్గా అప్పుడే వదినగారు అటు తిరిగి, "మీకు ఇబ్బందేమో చెల్లీ," అంది.

"ఇబ్బందేముందక్కా! తీసుకెళ్లనీ. ఇక్కడ మాత్రం బీరువాలో ఊరికే పడి లేదూ?" అంది ఇల్లాలు నవ్వుతూ. కాలు మాత్రం ఇంకా భర్త కాలి మీదే ఉంది.

అక్కడితో అయిపోలేదు. సోఫాలాయనకి నడుం నొప్పిట. ఇన్‌స్పెక్టరు గారే బంతిని కిందిదాకా మోసి, కారు వెనక సీట్లో పెట్టి, దొర్లిపోకుండా సీటుబెల్టు కూడా పెట్టి, కారు మలుపు తిరిగేదాకా చెయ్యూపి వచ్చారు.

రెండు రోజులన్నది వారమైంది. ఫోన్ చేసి అడగొచ్చు. కానీ అడిగితే ఏమనుకుంటారు? నమ్మకం లేదా అనుకోరూ? అందుకని ఇన్‌స్పెక్టరు గారు ఇల్లాలి చేత ఫోన్ చేయించారు.

"అక్కా, ఊరికే చేశా. వాతావరణం ఎలా ఉంది అక్కడ?"

అక్కడంటే రెండు వీధుల అవతల. అక్కాచెల్లెళ్లు చాలాసేపు మబ్బుల గురించి మాట్లాడుకున్నారు. బంతి మాట రాలేదు.

"అడగలేదేం?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఎలా అడుగుతానండీ, సొంత అక్కని? మీరే అడగండి."

"సొంత అక్కని నువ్వే అడగలేకపోతే, నేనెలా అడుగుతానోయ్?"

చివరికి పోటీకి ముందు రోజు బంతి దానంతటదే వచ్చింది. సోఫాలాయన నవ్వుతూ శాలువా విప్పాడు.

"తమ్ముడూ, నీ బొటనవేలు మరీ సన్నం. నాది పట్టలేదు. అందుకని షాపువాడి చేత కన్నం కాస్త పెద్దది చేయించా. డబ్బులు నువ్వేం ఇవ్వక్కర్లేదు, నేనే ఇచ్చేశాలే."

ఇన్‌స్పెక్టరు గారు వేలు పెట్టి చూశారు. బకెట్‌లో చెంచా వేసినట్టుంది.

"మీకెందుకండీ శ్రమ," అన్నారాయన.

"శ్రమేముంది! రేపు ఎలాగూ ఇద్దరికీ ఒకే లేన్ పడింది. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు, నా వంతు వచ్చినప్పుడు నేను. ఇద్దరికీ ఒక్క బంతి చాలదూ? ఉత్తినే రెండెందుకు?"

"థాంక్సండీ," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఎందుకన్నారో ఆయనకి ఈనాటికీ తెలియదు.

సోఫాలాయన వెళ్లాక ఇల్లాలు ఆయన్ని అద్దం ముందు నిలబెట్టింది. "ఒక్క మాట నేర్చుకోండి. 'ఇవ్వను' అనండి."

"ఇవ్వను."

"నేలని చూసి కాదు. అద్దంలోకి చూసి."

"ఇవ్వను... అండీ."

"అండీ తియ్యండి."

"అది తీస్తే మరీ కర్కశంగా ఉందోయ్."

పోటీ నాడు హాలంతా జనం. గాలరీలో ముందు వరసలో మామగారు, మెళ్లో పాత ఈలతో. కింద లేన్ దగ్గర మొదటి వంతు ఎవరిదో వాళ్లే తేల్చుకోమన్నారు. అక్కడే ఆట ఆగిపోయింది.

"కానివ్వండి అన్నయ్యగారూ."

"నువ్వు కానియ్ తమ్ముడూ."

"పెద్దవారు, మీరు ముందు."

"చిన్నవాడివి, నీ తర్వాతే నేను."

పక్క లేన్లలో రెండేసి వంతులు పూర్తయ్యాయి. అంపైరు వచ్చి, "మీరిద్దరూ ఆడ్డానికొచ్చారా, సాగనంపుకోడానికొచ్చారా?" అని నాణెం ఎగరేశాడు.

ఆట మొదలైంది. ఇన్‌స్పెక్టరు గారు తన వంతు రాగానే పెద్ద కన్నంలో టేపు ముక్కలు అతికించి, వేలు బిగిసేలా చేసుకుని, బంతి వేసేవారు. వెయ్యగానే చిన్న పట్టకారుతో ఆ టేపంతా పీకి, కన్నం తుడిచి, సోఫాలాయనకి అందించేవారు. మళ్లీ తన వంతుకి మళ్లీ టేపు. ఆయన ఆడుతున్నట్టు లేదు, బంతికి పళ్లు కట్టిస్తున్నట్టుంది.

అయినా లెక్క తప్పలేదు. నడిమి వైపు నుంచి వేసిన బంతి నూనె మీద నింపాదిగా జారి, చివర్లో నేలని పట్టుకుని, పిన్నుల మధ్యలోకి తిరుగుతోంది. స్ట్రయిక్, ఒక్క దెబ్బకి పిన్నులన్నీ నేలమట్టం. ఇంకో స్ట్రయిక్. ఇన్‌స్పెక్టరు గారి ఒళ్లు పులకరించింది. చిక్కల్లా ఏమిటంటే, సోఫాలాయన కూడా సరిగ్గా ఆయన నిలబడ్డ చోటే నిలబడి, ఆయన బంతినే, ఆయన దారిలోనే వేస్తున్నాడు. ఆయనకీ స్ట్రయిక్‌లే.

సగం ఆటకి ఆ దారిలో నూనె అరిగింది. ఇన్‌స్పెక్టరు గారు ఎవరూ చూడకుండా ఎడమకి జరిగారు.

"ఎంత జరిగావు తమ్ముడూ?" అని వెనకనుంచి కేక.

చెప్పక్కర్లేదు. ఆ హాల్లో ఏ ఆటగాడూ చెప్పడు. వారాల తరబడి భోజనాల బల్ల మీద నిమ్మకాయతో సాధించిన రహస్యమది.

"రెండు చెక్కలండీ. మూడైనా పర్లేదు."

గాలరీలో ఇల్లాలు చేత్తో నుదురు కొట్టుకున్న చప్పుడు కింది దాకా వినిపించింది. మామగారు అది చప్పట్లనుకుని తనూ కొట్టారు.

సాయంత్రానికి తేలిందేమిటంటే, అందరికన్నా పైన తోడల్లుళ్లిద్దరే. వచ్చే ఆదివారం వాళ్లిద్దరి మధ్యే ఫైనల్. మళ్లీ కొత్తగా దట్టంగా నూనె పూస్తారు. కాకపోతే, ఫైనల్‌కి ఒక నిబంధన ఉంది. ఎవరి బంతి వాళ్లదే. ఒక బంతికి ఒకటే పేరు. ముందే తూకం వేయించి, పేరు రాయించి హాల్లో అప్పగించాలి.

బల్ల దగ్గర కూర్చున్న కళ్లజోడు అమ్మాయి మెరుపు బంతి ఇన్‌స్పెక్టరు గారి పేరున రాసింది. ప్లాస్టిక్‌ది కూడా రాసింది. క్లబ్బులో అరువు తెచ్చుకున్న నున్నటి బంతి ఒకటి సోఫాలాయన పేరున రాసింది. తర్వాత గరుకు బంతిని తిప్పి చూసి, "ఇదెవరిది?" అంది.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. మర్యాదస్తుల ఇళ్లలో ఏదైనా ఇవ్వజూపితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి బలవంతపెడితే మరీ వద్దనాలి. మూడోసారి బలవంతపెట్టినప్పుడు "సరే, ఇంతగా చెప్తున్నారు కాబట్టి" అని నసుగుతూ తీసుకోవాలి. కాబట్టి ముందు అవతలివాడికి ఇవ్వజూపినా నష్టమేం లేదు, మూడోసారికి వస్తువు తిరిగి మన దగ్గరికే చేరుతుంది. ఇది ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దాని మీదే ఆధారపడ్డారు.

"అన్నయ్యగారిది రాసుకోండమ్మా," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

అమ్మాయి రాసింది.

"ఛ ఛ, తమ్ముడి బంతి నేను తీసుకోవడమేంటి? కొట్టెయ్యండి. తమ్ముడి పేరే రాయండి," అన్నాడు సోఫాలాయన.

అమ్మాయి కొట్టేసి రాసింది.

"అబ్బెబ్బే, కన్నం కూడా వారి వేలికే చేయించారు. వారిదేనండీ."

అమ్మాయి మళ్లీ కొట్టేసింది. ఇంకొక్కసారి. ఇంకొక్కసారి సోఫాలాయన "కాదు తమ్ముడూ, నీదే" అంటే చాలు, ఇన్‌స్పెక్టరు గారు నసుగుతూ ఒప్పుకునేవారు. సోఫాలాయన నోరు తెరిచాడు కూడా. ఈలోగా అమ్మాయి కలం కింద పెట్టేసింది.

"ఇక కొట్టివేతలు కుదరవు సార్. ఇది ఎవరిదీ కాదంటున్నారు కాబట్టి పోయిన వస్తువుల కౌంటర్లో పెడుతున్నాం. ఎవరిదైతే వాళ్లు శనివారం సాయంత్రం లోపు స్వయంగా వచ్చి, 'ఇది నాది' అని చెప్పి తీసుకోండి. తర్వాతవాళ్లు రండి!"

గరుకు బంతి కౌంటర్ వెనక అరలోకి వెళ్లి, ఒక నల్ల గొడుక్కీ ఎవరిదో ఒంటి చెవిపోగుకీ మధ్యన కూర్చుంది.

అంతలో ఈల మోగింది. మామగారు. గాలరీ దిగి పరుగున వచ్చి ఇద్దరల్లుళ్లనీ చెరో చేత్తో కావలించుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశారా! కప్పు కన్నా అనుబంధం ముఖ్యమనుకున్నారు నా అల్లుళ్లు! నాది అన్న మాట వాళ్ల నోట రాలేదు!" అని హాలంతా వినపడేలా అన్నారు. డ్రిల్లు మాస్టారి గొంతు కదా, పార్కింగ్‌లో ఉన్నవాళ్లక్కూడా వినపడింది. ఆ రాత్రి ఆయన అరలో ఉన్న బంతిని ఫోటో తీసి, 'ఇదీ మా కుటుంబం' అని రాసి బంధువుల గ్రూపులో పెట్టారు. ఏళ్ల తరబడి మాటల్లేని పినమామగారు కూడా దండం బొమ్మ పంపించారు.

"సరే, రేపెళ్లి నాదని చెప్పి తెచ్చుకోండి," అంది ఇల్లాలు.

"ఇప్పుడెలా చెప్తానోయ్! మీ నాన్నగారు పెట్టింది చూశావా?"

"అది లేకపోతే ఏం బంతితో ఆడతారు?"

"మెరుపుది ఉంది."

"అంత నూనె మీద సబ్బులా జారిపోతుందని మీరేగా నిమ్మకాయతో చెప్పారు!"

ఇన్‌స్పెక్టరు గారు మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ హాలుకి వెళ్లారు. కౌంటర్ ఎదురుగా ఉన్న కుర్చీలో సోఫాలాయన కాఫీ తాగుతూ కూర్చుని ఉన్నాడు.

"ఏంటి తమ్ముడూ, ఇటొచ్చావ్?"

"అదే... గొడుగు పోయిందండీ. మీరో?"

"నేనా? ఇక్కడ కాఫీ బావుంటుంది."

కౌంటర్లో అమ్మాయి చెవులు చురుకైనవి. "ఇదేనా సార్ మీ గొడుగు?" అని నల్ల గొడుగు తీసి చేతిలో పెట్టింది. కాదనడానికి మొహమాటమేసింది. ఎవరిదో గొడుగు పట్టుకుని ఇన్‌స్పెక్టరు గారు ఇంటికొచ్చారు.

అప్పట్నుంచి రోజూ అదే తంతు. ఇన్‌స్పెక్టరు గారు వెళ్లేసరికి సోఫాలాయన ఉంటాడు, సోఫాలాయన వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు గారు ఉంటారు. "తీసుకో తమ్ముడూ, నీదే కదా" అని సోఫాలాయన అనడు, అంటే నిజంగా తీసుకుంటాడేమోనని. "మీరు తీసుకోండి" అని ఇన్‌స్పెక్టరు గారూ అనరు, అదే కారణం. ఇద్దరూ అరలోకి చూడకుండా అర వైపే మొహం పెట్టి కూర్చుని, మబ్బుల గురించి మాట్లాడుకుంటున్నారు. పనిలో పనిగా ఇన్‌స్పెక్టరు గారింట్లో ఇప్పుడు గొడుగు కాక ఒక పిల్లల టోపీ, ఎవరిదో కళ్లజోడు పెట్టె కూడా ఉన్నాయి. చెవిపోగు మాత్రం ఎలాగో తప్పించుకున్నారు.

ఇవాళ గురువారం. కౌంటర్ శనివారం సాయంత్రం మూసేస్తారు. ఆ బంతి చేతికొస్తే ఆ కప్పు ఇన్‌స్పెక్టరు గారిదే, నూనె సంగతి అంత బాగా తెలిసినవాడు ఆ హాల్లో ఇంకొకడు లేడు. తెచ్చుకుంటే మాత్రం బంధువుల గ్రూపులో అందరి దండాలూ వెనక్కెళ్లిపోతాయి. తెచ్చుకోకపోతే బంతితో పాటు ఆ కప్పు కూడా సోఫాలాయన కప్పుల పక్కకే పోతుంది, లేదా ఇద్దరూ జారుడు బంతులతో పక్క కాలవలో పడి మామగారి చేత ఈల వేయించుకుంటారు.

అందుకని అయ్యా, అమ్మా, చదువుతున్న మీ అందరికీ చేతులు జోడించి అడుగుతున్నాం. మీలో ఎవరైనా తోడల్లుడి ఎదురుగా, మామగారి చెవిన పడేలా, ఒక వస్తువుని చూపించి 'ఇది నాది' అని ఉంటే, అన్నాక కూడా అత్తవారింట్లో మీకు కాఫీ ఇస్తూ ఉంటే, ఆ మాట ఎలా అన్నారో కాస్త చెప్పండి. నవ్వుతూ అన్నారా, దగ్గుతూ అన్నారా? నిలబడి అనాలా, కూర్చునా? చివర్న 'అండీ' ఉండొచ్చా? శనివారం సాయంత్రం లోపు చెప్తే చాలు, మీ పేరు చెప్పుకుని బతుకుతారు ఇన్‌స్పెక్టరు గారు. మీకు ఏది తోస్తే అది రాయండి. 'మీ ఇష్టం' అని మాత్రం రాయకండి, దయచేసి. ఆ మాట ఆయన దగ్గర ఇప్పటికే కావలసినంత ఉంది.